మాత్ర స్టూలు మీద పెట్టకండి

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ హోములు నడుపుతున్న డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ గారూ,

మీ ఓపీ గోడ మీద ఒక పోస్టర్ ఉండే ఉంటుంది. ఎర్ర రిబ్బను బొమ్మ వెలిసిపోయి, అంచులు చిరిగి, మూల మీద ఎవరిదో ఫోన్ నంబరు రాసి ఉంటుంది. చేతులు కలిపితే హెచ్‌ఐవీ రాదు, కలిసి భోంచేస్తే రాదు, ఒకే మరుగుదొడ్డి వాడితే రాదు, దోమ కుడితే రాదు. అన్నీ నిజాలే. ఆ పోస్టర్ కింద బెంచీ మీద కూర్చున్న ఎవరిని అడిగినా వచ్చే దారులు కూడా గడగడా అప్పజెబుతారు: రక్షణ లేని సెక్స్, రక్తం, సూది, తల్లి నుంచి బిడ్డకు. ఇరవయ్యేళ్ల కిందట ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు పెట్టి ఊరంతా చెప్పుకునేలా చేసిన నేల ఇది. కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు పెట్టాం, డిసెంబర్ 1 వచ్చిందంటే ర్యాలీలు తీశాం. ఇంత చెప్పించుకున్నవాళ్లు కూడా, బెంచీ మీద పక్కనున్న మనిషికి ‘అది’ ఉందని చెవిన పడితే లేచి నిలబడతారు.

ఎందుకు లేస్తారంటే నాకు తోచింది ఒకటే. జనం పోస్టర్ చదువుతారు గానీ నమ్మేది మాత్రం మీ చేతుల్నే. మీ చేతులు, మీ సిస్టర్ల చేతులు, స్ట్రెచర్ తోసే వార్డుబాయ్ చేతులు. ఆ చేతులు ఎక్కడ వెనక్కి తగ్గాయో అక్కడ పోస్టర్ అబద్ధమైపోతుంది.

నేను ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీలో లేను కాబట్టి మీతో మొహమాటం లేకుండా మాట్లాడగలను. ఒక జిల్లా కేంద్రంలోని మెడికల్ వార్డులో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఊరి పేరు, ఆస్పత్రి పేరు అనవసరం, ఎందుకంటే మీ వార్డులోనూ జరిగే ఉంటుంది.

పొద్దున మాత్రలు పంచే వేళ. సిస్టర్ ట్రే పట్టుకుని మంచం మంచానికీ వస్తోంది. ‘చెయ్యి పట్టు’ అంటోంది, అరచేతిలో మాత్రలు వేస్తోంది, ముందుకు కదులుతోంది. చివరి నుంచి రెండో మంచం దగ్గర ఆ మాట అనలేదు. పాత కేసు షీటు కాగితం ముక్క చించి, అందులో మాత్రలు పోసి, మంచం పక్కనున్న ఇనుప స్టూలు మీద పెట్టి, ఒక్క వేలితో రోగి వైపు జరిపింది. కసురుకోలేదు, మొహం చిట్లించలేదు. అప్పటికే చెయ్యి చాపి ఉన్న ఆ కుర్రాడు, చాపిన చేతినే అటు తిప్పి కాగితం అందుకున్నాడు. కింద చాప మీద కూర్చున్న వాళ్లమ్మ చూసింది. ఎదురు మంచం వాళ్లు చూశారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ రెండు మంచాల మధ్య జాగా కాస్త పెరిగింది. ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆ కుర్రాడు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులకు వచ్చినప్పుడు నా గదిలో కూర్చుని చెప్పాడు. ఇంట్లో పళ్లెం వేరు, గ్లాసు వేరు. అమ్మ అన్నం గుమ్మం దగ్గర పెట్టి తప్పుకుంటోంది. వాడి బట్టలు వాడే ఉతుక్కుంటున్నాడు. తల్లిని పిలిపించి, ముట్టుకుంటే రాదమ్మా అని మళ్లీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. ఆమె ఓపిగ్గా విని, ‘మీరు చెబుతారు మేడం. చదువుకున్న నర్సమ్మే ముట్టుకోలేదు, నేనెట్టా ముట్టుకునేది?’ అంది.

ఆమె తర్కంలో తప్పెక్కడుంది? చదువు లేని మనిషి చదువున్న మనిషిని చూసి నేర్చుకుంది. వార్డులో స్టూలు మీద పెట్టిన మాత్రే ఇంట్లో గుమ్మం దగ్గర పెట్టిన పళ్లెమైంది.

అందుకే ముందు చర్మం సంగతి మాట్లాడుకుందాం. మీకు తెలియదని కాదు. మీ దగ్గర కాంట్రాక్టు మీద చేరిన ఆయాకు, సెక్యూరిటీ గార్డుకు, కొత్తగా వచ్చిన నర్సింగ్ విద్యార్థినికి మీరు ఇది ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పారా అన్నది నా ప్రశ్న. చర్మం పైపొర అంతా చచ్చిన కణాలు. ఇటుక మీద ఇటుక పేర్చి సందుల్లో కొవ్వుతో మెత్తిన గోడ లాంటిది అది. హెచ్‌ఐవీ బతకాలంటే దానికి ప్రాణమున్న కణం కావాలి, అదీ సీడీ4 అనే గ్రాహకం ఉన్న కణమే కావాలి. గాయం లేని చర్మం మీద ఆ వైరస్ ఉన్న రక్తం చుక్క పడినా దానికి లోపలికి దారి లేదు, కడిగేస్తే పోతుంది. ఒంటి బయట అది మొండి క్రిమి కాదు. రక్తం ఆరిపోతే కొన్ని గంటల్లోనే దానిలో చాలాభాగం పనికిరాకుండా పోతుంది. కోవిడ్ రోజుల్లో సబ్బు ఎందుకు పనిచేస్తుందో టీవీలు పదే పదే చూపించాయి గదా, కొవ్వు తొడుగున్న వైరస్‌ను సబ్బు నీళ్లు విప్పేస్తాయని! హెచ్‌ఐవీకీ ఉన్నది అలాంటి కొవ్వు తొడుగే. చెమట వల్ల గానీ కన్నీళ్ల వల్ల గానీ ఇది ఒకరి నుంచి ఒకరికి సోకినట్టు దాఖలా లేదు. దోమ విషయమూ అంతే. దోమ మనలోకి ఎక్కించేది తన లాలాజలాన్ని, అంతకు ముందు తాగిన రక్తాన్ని కాదు. హెచ్‌ఐవీ దోమ ఒంట్లో పెరగలేదు, దాని కడుపులోనే అరిగిపోతుంది.

మరి చేతికి గీత ఉంటే? ఈ ప్రశ్న నన్ను అడిగినన్ని సార్లు ఇంకేదీ అడగలేదు. పక్కు కట్టిన గాయం, గోరు పక్కన లేచిన తోలు, ఎండకు పగిలిన పెదవి, ఇవేవీ కరచాలనంలో దారులు కావు. ఆలోచించాల్సింది, పచ్చి గాయం మీద అవతలి మనిషి రక్తం పడినప్పుడు. అప్పుడు కూడా సబ్బుతో కడుక్కుని వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లడమే పని, వణికిపోవడం కాదు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న మాట కూడా కాదు. 1986లో, ఇంకా ఈ రోగానికి మందు లేని రోజుల్లో, న్యూయార్క్ డాక్టర్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. 39 మంది ఎయిడ్స్ రోగులతో ఒకే కప్పు కింద కనీసం మూడు నెలలు ఉన్న 101 మందిని పరీక్షించారు. వీళ్లెవరూ రోగులతో లైంగిక సంబంధం ఉన్నవాళ్లు కాదు, మామూలు ఇంటివాళ్లు. బీద ఇళ్లు, ఇరుకు గదులు. ఒకే పళ్లెం, ఒకే తువ్వాలు, ఒకే పక్క, ఒకే బాత్‌రూమ్. కొందరు రేజరు, పళ్ల బ్రష్షు కూడా పంచుకున్నవాళ్లే. ముద్దులు, కౌగిలింతలు సరేసరి. ఆ 101 మందిలో వైరస్ కనిపించింది ఒక్క అయిదేళ్ల బిడ్డలో. ఆ బిడ్డకూ పుట్టుకతో తల్లి నుంచే వచ్చి ఉంటుందని తేల్చారు. ఒక ఇంట్లో నెలల తరబడి కలిసి మెలిగినవాళ్లకు అంటనిది, బీపీ పట్టా చుట్టే అర నిమిషంలో సిస్టర్‌కు ఎలా అంటుతుంది?

అదే 1986లో మనకు పొరుగునే, మద్రాసులో, ఈ దేశపు తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే విద్యార్థిని రక్త నమూనాలు సేకరించింది. పెట్టడానికి తగిన చోటు లేక వాటిని తన ఇంటి ఫ్రిజ్‌లోనే దాచి, ఐస్ పెట్టెలో పెట్టుకుని రైల్లో వేలూరు సీఎంసీకి తీసుకెళ్లి పరీక్ష చేయించింది. జాగ్రత్త ఎక్కడ కావాలో తెలిసిన మనిషికి మిగతా చోట్ల భయం అక్కర్లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి. ఆ తర్వాత ఎందరో డాక్టర్లు తలుపులు మూసుకున్న కాలంలో డాక్టర్ సోలమన్ తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నారు. నలభై ఏళ్లు కావస్తోంది. మన దగ్గర తలుపుల సంగతి ఇంకా మాట్లాడుకోవాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది.

సిస్టర్లకు నిజంగా ప్రమాదం లేదా అంటే, ఉంది. కాకపోతే అది రోగి చేతిలో లేదు, సూది మొనలో ఉంది. హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. అమెరికాలో 1985 నుంచి 2013 దాకా ఆస్పత్రి పనిలో హెచ్‌ఐవీ సోకినట్టు రుజువైన సిబ్బంది మొత్తం 58 మంది. 1999 తర్వాత అలాంటిది ఒక్కటే. వాళ్లలో చాలామందిది సూది గుచ్చుకోవడమో, పదునైనది కోసుకోవడమో. నాడి చూసినందుకో, పక్క సర్దినందుకో, చేతిలో మాత్ర పెట్టినందుకో సోకినవాళ్లు అందులో లేరు.

ఇక్కడ మీరు ఒప్పుకోవాల్సిన చిత్రం ఒకటుంది. సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి సోకే అవకాశం, టీకా వేసుకోనివాళ్లకు, వందకు ఆరు నుంచి ముప్పై దాకా ఉంటుంది. ఆ వైరస్ ఒంటి బయట వారం రోజులు బతుకుతుంది. మరి హెపటైటిస్ బి ఉన్న రోగి మంచానికి ఎవరైనా దూరం జరిగారా? జరగరు. జరగమని నేను అనడం లేదు, జరగక్కర్లేదు. కానీ లెక్క ప్రకారం భయపడేవాళ్లయితే దానికి ముందు భయపడాలి. హెచ్‌ఐవీ దగ్గర భయం లెక్కను బట్టి రావడం లేదు, ఆ మనిషి ఎలా తెచ్చుకున్నాడో అన్న ఊహను బట్టి వస్తోంది. రెండో జత గ్లౌజులు వైరస్‌కు వేసుకుంటున్నవి కావు. మీ సిబ్బందికి మూడు డోసుల హెపటైటిస్ బి టీకా పడిందో లేదో ఒకసారి రిజిస్టరు తీసి చూడండి. ఊడ్చి, ఎర్ర సంచీ మోసే పారిశుద్ధ్య కార్మికుల పేర్లు ఆ రిజిస్టరులో ఉన్నాయా అన్నది మరీ చూడండి.

రెండు గ్లౌజుల విషయంలో ఇంకో మాట. ఆస్పత్రిలో రక్తం ఎవరిదైనా ఒకే జాగ్రత్త అని మీ అందరికీ చదువుకునే రోజుల్లోనే చెప్పారు. రక్తం, పుండు, నోటి లోపల, కాన్పు, ఇలాంటి చోట గ్లౌజు అందరికీ వేసుకోవాలి. బీపీకి, నాడికి, మాత్రలకు ఎవరికీ అక్కర్లేదు. కేసు షీటు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో హెచ్‌ఐవీకి గుర్తుగా ‘ఆర్‌వీడీ’ అని రాసి గుండ్రంగా చుట్టేస్తే సిబ్బందికి మేలు చేశామని మీరు అనుకుంటారు. జరిగేది తలకిందులు. ఆ గుర్తు లేని షీటు చూడగానే చేతులకు ధైర్యం వస్తుంది. మొన్ననే సోకి, పరీక్షలో ఇంకా బయటపడని మనిషి షీటు మీద ఏ గుర్తూ ఉండదు. ఎప్పుడూ పరీక్ష చేయించుకోని మనిషి షీటు మీదా ఉండదు. గుర్తును నమ్ముకున్న సిస్టర్ వాళ్ల దగ్గర ఒట్టి చేతులతో సెలైన్ ఎక్కిస్తుంది. ఎర్ర సున్నా రోగి పరువూ తీస్తుంది, సిస్టర్ ప్రాణానికీ అడ్డం పడదు.

ఆ స్టూలు మీద మాత్ర పెట్టిన సిస్టర్‌ను నేను తప్పుపట్టడం లేదు, అందుకే ఈ ఉత్తరం ఆమెకు రాయలేదు. నైట్ డ్యూటీలో వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే. గ్లౌజుల ఇండెంటు పెడితే సగం వస్తాయి. నీడిల్ కట్టరు చెడిపోతే బాగయ్యేదాకా సూదులు చేత్తోనే మూతలు పెట్టి పారేస్తారు, గుచ్చుకునేది సరిగ్గా అప్పుడే. గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో తెలియదు, చెబితే ‘నీదే అజాగ్రత్త’ అని మెమో ఇస్తారని భయం. అలాంటి మనిషి తన చేతిలో ఉన్న ఒకే ఒక్క రక్షణ వాడుకుంటుంది, అదే దూరం. సూది భయాన్ని మీరు తీర్చకపోతే అది చర్మం మీదికి పాకుతుంది. ఈ ముక్క నేను మీటింగుల్లో చాలాసార్లు చెప్పాను. టీ బిస్కెట్లు బాగున్నాయి.

ప్రైవేటు నర్సింగ్ హోముల్లో సంగతి వేరు. అక్కడ స్టూలు దాకా కూడా రానివ్వరు. కాన్పుకు రోజులు దగ్గరపడి వచ్చిన ఆడమనిషి రిపోర్టు చూడగానే ‘మా దగ్గర ఫెసిలిటీస్ లేవు, పెద్దాస్పత్రికి వెళ్లండి’ అని చీటీ రాసిచ్చేస్తారు. ఏ ఫెసిలిటీ, డాక్టర్ గారూ? మీరు మిగతా కాన్పులకు వాడే ఓటీ, అదే స్టెరిలైజేషను, అదే గ్లౌజులు చాలు. ప్రత్యేకంగా కావాల్సినవి తల్లికి రోజూ వేసే మందులు, బిడ్డకు పుట్టగానే పట్టే మందు. అవి ఏఆర్‌టీ సెంటర్ ఉచితంగా ఇస్తుంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ దేశంలో ఆ మందులు ఉచితం. 2017 నుంచి రక్తంలో సీడీ4 కణాల లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. రోజుకొక మాత్ర వేసుకుంటూ వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోయిన మనిషి నుంచి సెక్స్ ద్వారా కూడా సోకదని పార్ట్‌నర్ అధ్యయనాలు తేల్చాయి. 2019లో వచ్చిన రెండో అధ్యయనంలో, కండోమ్ లేని కలయికలు దాదాపు 76 వేలు లెక్కేస్తే, మందులు వాడుతున్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. అలాంటి మనిషిని మీ రిసెప్షను కౌంటర్ దగ్గర మూడడుగుల దూరంలో నిలబెడుతున్నారు.

భయానికి ఇంకో ముఖం కూడా ఉంది, దాన్నీ మీ దగ్గరే చూశాను. ఏ జబ్బూ లేని కుర్రాడు, హెచ్‌ఐవీ అంటుకుందని నిద్రపోకుండా తిరుగుతుంటాడు. బస్సులో పక్కనాయన మోచేయి రాసుకుంది, ఆయన చేతి మీద మచ్చలున్నాయి. షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పుడు అవతలాయన అరచెయ్యి తడిగా ఉంది. క్షౌరం చేయించుకుంటే చెవి వెనక మండింది. సినిమాహాల్లో సీటు మీద ఏదో గుచ్చుకున్నట్టయింది, వాట్సాప్‌లో సూదుల గురించి ఎవరో పంపారు. (కూల్‌డ్రింకులో రక్తం కలిపారన్న మెసేజీ కూడా ఉంది, ఏడాదికోసారి తద్దినంలా వస్తుంది.) ఇలాంటి కుర్రాళ్లు నా గదిలోకి వచ్చి తలుపు వేసి, ‘మేడం, మా ఫ్రెండుకు డౌటు’ అని మొదలుపెడతారు. కాసేపు మాట్లాడనిస్తే తరచుగా రెండింటిలో ఒకటి బయటికొస్తుంది. ఎప్పుడో ఎక్కడికో వెళ్లాడు, ఆ మాట నోటితో చెప్పలేక షేక్‌హ్యాండ్ మీద పెడుతున్నాడు. అలాంటివాడికి నిజంగానే పరీక్ష కావాలి, తిట్లు అక్కర్లేదు. లేదా ఎక్కడికీ వెళ్లలేదు, వాడికున్నది ఆందోళన జబ్బు. ఈ నెల హెచ్‌ఐవీ, వచ్చే నెల క్యాన్సర్ అంటాడు. వాడికి కావాల్సింది మానసిక వైద్యుడు.

మరి మీరేం చేస్తున్నారు? షేక్‌హ్యాండ్ ఇచ్చానని వచ్చినవాడికి కూడా ‘ఎందుకైనా మంచిది’ అని పరీక్ష రాస్తున్నారు. నెగిటివ్ వస్తే ‘నెల తర్వాత మళ్లీ చేద్దాం’ అంటున్నారు. కొందరు వేలు పోసి చేయించే పీసీఆర్ కూడా రాస్తున్నారు. వాడు ఇంటికెళ్లి ఏమనుకుంటాడు? షేక్‌హ్యాండ్‌తో రానే రాదంటే డాక్టరు పరీక్ష ఎందుకు రాస్తాడు అనుకుంటాడు. మీరు రాసిన ఆ చీటీ వాడి భయానికి ముద్ర వేసిన కాగితం. ‘నువ్వు చెప్పినదాంట్లో సోకే దారి లేదు, పరీక్ష అవసరం లేదు, కానీ నీ నిద్ర సంగతి చూద్దాం’ అని మీ నోటితో వస్తే చాలామంది అక్కడే తేలికపడతారు. మీకు తీరిక లేకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయమనండి. డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

తెలిసినవాళ్లు లొంగిపోతే ఏమవుతుందో చూడాలంటే మన పొరుగునే ఉన్న కర్ణాటకలోని ధార్వాడ జిల్లా, నవలగుంద తాలూకా మొరబ గ్రామం సంగతి గుర్తు తెచ్చుకోండి. 2018 నవంబర్ చివర్లో ఆ ఊరి చెరువులో ఒక స్త్రీ శవం తేలింది. ఆమెకు హెచ్‌ఐవీ ఉందని ఊళ్లో పుకారు. ఆ నీళ్లు మేం తాగం అని ఊరు భీష్మించింది. నీటితో రాదని ఆరోగ్యశాఖ వాళ్లు చెప్పారు. చివరికి అధికారులే పంపులు పెట్టి 36 ఎకరాల చెరువును తోడించేశారు. అంతమంది తాగే నీళ్లు నేలపాలయ్యాయి. మళ్లీ నింపడానికి మలప్రభ కాలువ నీళ్లు మళ్లించాల్సొచ్చింది. ఆ ఊరి జనాన్ని చూసి నవ్వడం తేలిక. నాకు నవ్వు రాదు. నీళ్లతో రాదని నోటితో చెబుతూ పక్కన మోటారు స్విచ్చి వేసిన చెయ్యి ఎవరిది? జనం ఏది నమ్మాలి? శవాన్ని నల్ల ప్లాస్టిక్‌లో బిగించి, ‘ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా కాల్చేయండి’ అని మార్చురీ దగ్గర చెప్పే మనిషి చేసేది కూడా ఇదే. ఆ కుటుంబానికి ఊళ్లో భుజం పట్టేవాళ్లు నలుగురు దొరకరు.

చేతులు చేసిన మేలూ ఉంది. 1987 ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రి ఎయిడ్స్ వార్డులో యువరాణి డయానా గ్లౌజులు లేకుండా రోగికి చెయ్యి కలిపింది. ఆ ఫొటో చేసిన పని పోస్టర్లు చేయలేదు. 2003లో కేంద్ర ఆరోగ్యమంత్రిగా ఉన్న సుష్మా స్వరాజ్, కేరళలో బడికి రానివ్వని ఇద్దరు హెచ్‌ఐవీ పిల్లల్ని అందరి ముందూ దగ్గరకు తీసుకుంది. మంత్రులూ యువరాణులూ ఏడాదికో పదేళ్లకో ఓసారి చేస్తారు. మీరు రోజూ రౌండ్సుకు వెళతారు. ఆ మంచం దగ్గర ఆగి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ల కింద లాగి చూసి, నాడి పట్టుకుని అర నిమిషం నిలబడండి. మీ వెనక హౌస్‌సర్జన్లు, సిస్టర్లు, చుట్టూ అటెండెంట్లు ఉంటారు. ఎవరికీ లెక్చరివ్వక్కర్లేదు. మా కౌన్సెలర్లు గంటసేపు చెప్పినా లోపలికి దిగనిది అక్కడ దిగుతుంది. ఆంధ్రప్రదేశ్ ఒక్కదానిలోనే హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు మూడు లక్షలకు పైగా ఉన్నారు, తెలంగాణలోనూ తక్కువ లేరు. మీ రౌండ్సు దారిలో అలాంటి మంచం తగలకుండా ఉండదు.

మర్యాదగా అడిగింది చాలు, చట్టం కూడా చెప్పేస్తాను. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం, వైద్యంలో తేడా చూపడం, రోగిని విడిగా పెట్టడం నేరుగా నిషేధం. మనిషికి చెప్పి, ఒప్పుకోలు తీసుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, పరీక్ష చేయించుకుంటేనే వైద్యం చేస్తామనకూడదు. ఆపరేషనుకు ముందు ‘రొటీన్’ అంటూ తీసే ఆ రక్తం సంగతి మీకు తెలుసు. రోగి స్థితి బయటపెట్టకూడదు, ఎర్ర సున్నా చుట్టిన షీటు మంచానికి వేలాడదీయడం అంటే బయటపెట్టడమే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొడితే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వైద్యం అందలేదని ఫిర్యాదు వస్తే వినడానికి రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలి, ముప్పై రోజుల్లో తేల్చాలి, అత్యవసరమైతే ఇరవై నాలుగు గంటల్లో. ఇదే చట్టం సిబ్బంది పక్షానా మాట్లాడుతుంది: రక్తంతో పనిచేసేవాళ్లకు రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే మందులు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత అంటుంది. ఈ రెండో సగం అమలు చేస్తే మొదటి సగం సగానికి సగం దానంతటదే అమలవుతుందని నా నమ్మకం.

కాబట్టి డిసెంబర్ ర్యాలీకి బ్యానర్ కొట్టించే ముందు కొన్ని పనులు చూడండి. కేసు షీట్ల మీద ఎర్ర స్కెచ్‌పెన్ను ఆపించండి, ఈ వారమే. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ఓపీ దగ్గర తెలుగులో రాయించండి. నీడిల్ కట్టర్లు ఎన్ని పనిచేస్తున్నాయో మీరే తిరిగి చూడండి, హెడ్ నర్సు చెప్పింది రాసుకోవడం కాదు. సూది గుచ్చుకున్నదని చెప్పిన సిస్టర్‌కు మెమో ఇవ్వడం మానేసి కుర్చీ వేయండి. గుచ్చుకున్నాక మందులు మొదలుపెట్టాల్సింది వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా. 28 రోజులు వేసుకోవాలి. ఆ మందులు ఏఆర్‌టీ సెంటర్లో ఉంటే చాలదు, సెంటర్ సాయంత్రం మూసేస్తారు. సూదులు రాత్రి కూడా గుచ్చుకుంటాయి.

ఈ ఉత్తరం చదవడం అయ్యాక మీ క్యాజువాలిటీకి ఒక ఫోన్ చేయండి. డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను ఆ మందుల డబ్బా ఎక్కడుందో అడగండి. ఉందంటే, బీరువా తాళం ఎవరి దగ్గరుందో, ఆ మనిషి ఇప్పుడు డ్యూటీలో ఉన్నారో లేదో కూడా అడగండి.

ఇట్లు,
ఒక మాజీ ఐసీటీసీ కౌన్సెలర్